బాలరాజు సారు వీడియోకి పడ్డ బొట్లు

బాలరాజు సారు నోరు తెరిచాడంటే పక్కవాడి చాయ్ చల్లారాల్సిందే. నాచారం ఫ్యాక్టరీల రోడ్డు మీద, బడి గేటుకు ఎదురుగా ఉండే శంకరమ్మ చాయ్ బండి దగ్గర ఈ సంగతి తెలియని వాళ్లు లేరు. పందొమ్మిదేళ్లుగా ఆరో తరగతికి లెక్కలు చెబుతున్నాడు. పందొమ్మిదేళ్లుగా బడి విడవగానే ఇక్కడికొచ్చి కోతలు కోస్తున్నాడు. బోర్డు మీద ఒక్క అంకె తప్పు పోనివ్వడు గానీ, బండి దగ్గరికొచ్చేసరికి ఏ అంకె వెనక ఎన్ని సున్నాలు తగిలిస్తాడో ఆయనకే తెలియదు.

ఆ సాయంత్రం బండి దగ్గర ముగ్గురున్నారు. సారు, మందుల కంపెనీలో షిఫ్టు దిగి వచ్చిన ఉమాశంకర్, అదే బడిలో ఈ ఏడే చేరిన సైన్సు టీచర్ దీప. శంకరమ్మ అడగకుండానే టూ బై త్రీ పోసింది, అంటే రెండు చాయ్‌లు మూడు గ్లాసుల్లోకి. ఆమె చేతి తూకం ఎలాంటిదంటే ఏ గ్లాసులోనూ గుక్కెడు ఎక్కువుండదు, గుక్కెడు తక్కువుండదు.

దీప గ్లాసు అందుకుని మెల్లగా అడిగింది. "సార్, రేపే గదా ఉప్పల్‌ల ట్రైనింగ్. మీ వీడియో సూసుకున్నరా?"

అడగరానిది అదొక్కటే. అదే అడిగింది.

టీచర్లకు ఈ ఏడు కొత్త పద్ధతి వచ్చింది. ఎవరి క్లాసు వాళ్లు ట్యాబ్‌తో వీడియో తీసి ఒక యాప్‌లో పెట్టాలి. చూసినవాళ్లు ఎక్కడ చెప్పాలనిపిస్తే అక్కడ, వీడియో కింద ఉండే గీత మీద ఒక చుక్క పెట్టి నాలుగు ముక్కలు రాస్తారు. ఆ చుక్క నొక్కితే వీడియో సరిగ్గా ఆ నిమిషం దగ్గరే మొదలవుతుంది. శంకరమ్మ మొదటిసారి చూసి "బొట్టు పెట్టిన్రేంది?" అంది. అప్పటి నుంచి బండి దగ్గర దాని పేరు బొట్టే. రేపు పొద్దున పది గంటలకు నలభై మంది టీచర్ల ముందు ఎవరి వీడియోలోంచి వాళ్లు రెండు నిమిషాలు ఎంచి చూపించాలి, అదే ఎందుకు ఎంచారో చెప్పాలి.

బాలరాజు సారు తన వీడియో ఇంతవరకు తెరవలేదు. ఎనిమిది రోజుల కింద ఆఫీసు క్లర్కు చేత ఎక్కించాడు, అంతే. మేనకోడలి పెళ్లి వీడియోలో తాను పులిహోర తింటున్న తీరు చూసుకున్నప్పటి నుంచీ, తెర మీద తన్ను తాను చూసుకోవాలంటే ఆయనకు చలిజ్వరం వచ్చినంత పనవుతుంది. తన పాఠానికి తిరుగులేదని ఇన్నేళ్లుగా తనే చెప్పుకుంటున్నాడు. వీడియో కూడా ఆ మాటే చెబుతుందన్న ధైర్యం లేదు. రేపు ఆ హాల్లో పరువు పోతే ఈ బండి దగ్గర కూడా తలెత్తుకోలేడు. పాపం, భయమేసినప్పుడు ఆయనకు తెలిసిన మందు ఒకటే.

"నేను సూసేదాంక లోకం ఆగుతదా దీపమ్మా?" అని మొదలుపెట్టాడు. "పొద్దుగాల తొమ్మిదింటికి ఎక్కిచ్చిన, తొమ్మిదింబావుకే ట్రైనింగు పెద్దసారు ఒక బొట్టు పెట్టిండు. 'బాలరాజు గారూ, భిన్నాలు గిట్ల గూడ చెప్పొచ్చని నాకు ఇయ్యాల్నే తెల్సింది' అని రాసిండు. సరె, పెద్దమనిషి, ముచ్చటపడ్డడు అనుకున్న. ఆ తర్వాత ఏమైందో తెల్సా?"

"ఏమైందే?" అన్నాడు ఉమాశంకర్, బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ.

"మధ్యాహ్నానికి నలభై బొట్లు! నలభై నిమిషాల క్లాసు, నిమిషానికొకటి. పొద్దుగూకేసరికి నాలుగు వందలు. కింద గీత కనవడ్తె ఒట్టు, పెండ్లిపిల్ల పాపిట లెక్క ఎర్రగైంది."

"మొన్న గిదే ముచ్చట చెప్పినప్పుడు పన్నెండన్నవ్ గదనే అన్నా?"

"మొన్నటి లెక్క మొన్నటిది తమ్మీ. బొట్లు పెరుగుతయి గని తరుగుతయా? ఇగ ఇను. తెల్లారి యాపు కంపెనీ వాళ్లు ఫోన్ జేసిన్రు. 'సార్, మీ కాళ్లు మొక్కుతం, జర తక్కువ మంచిగ చెప్పుండ్రి, మా మిషిన్లు కాగిపోతున్నయి, కూలర్లు పెట్టినం, తడి గోనెసంచులు కప్పినం, అయినా ఆగుతలేవు' అని ఒకటే ఏడ్పు. నేనేం జేస్త? వచ్చిన విద్య దాసుకుంట చెప్పుమంటె నాతోని అయితదా?"

"కాదు మరి," అంది శంకరమ్మ, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

ఆ ఒక్క మాట చాలు ఆయనకు. ఏనుగెక్కినంత పనైంది.

"గప్పటికే ఆ వీడియో గాలిల వడ్డదక్కా! రామంతాపూర్‌ల టీవీ టవర్ లేదా, అది దానంతటదే పట్టుకున్నది. ఎవలు మీట నొక్కలె, ఏం లె. సీరియల్ సూస్తున్న ఆడోళ్లకు నడిమిట్ల నేను ప్రత్యక్షం. ఒక్కతన్న ఛానల్ మార్చిందా? మార్చలె! అత్తాకోడండ్లు కొట్లాట బందు వెట్టి, వంటింటిని భిన్నాలల్ల పంచుకున్నరు. ఇంకో సంగతి జెప్త, నమ్మితె నమ్ము లేకుంటె లే. జవహర్‌నగర్ డంపింగు కాడ చెత్తబండి డ్రైవర్ ఫోన్ల నా క్లాసు వెట్టుకోని కూసున్నడు. కాకులు ఇన్నయి. ఒక్కసారే ఇన్నయి! గా దినం సంది రొట్టె దొరికితె కొట్లాట లేదు, అరుపు లేదు, నాలుగు కాకులుంటె నాలుగో వంతు, ఎనిమిదుంటె ఎనిమిదో వంతు, ముక్కుతోని గీత గీసినట్టు కోస్తున్నయి."

"బాకీ మిగిల్తే?" అన్నాడు ఉమాశంకర్.

"మిగిల్తె కుక్కకు. శేషం అంటరు దాన్ని. కాకులకు తెల్సు, నీకు తెల్వదు." సారు ఊపిరి తీసుకున్నాడు. "అసలు నేను చెప్తుంటె పిల్లలు రెప్ప కొట్టరు తమ్మీ. ఎన్కబెంచి పిల్లలు సుత! మన శంకరమ్మక్క మనుమరాలు రాణి లేదా, ఏం చెప్పినా బుర్రకెక్కని మొద్దు పిల్ల, అది గూడ నోరు తెర్సుకోని ఇన్నది."

శంకరమ్మ చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది. మళ్లీ తిరిగింది. సారు గమనించే స్థితిలో లేడు, ఆయన అప్పటికే భూమి విడిచిపెట్టేశాడు.

"ఆఖరికి ఏమైందో తెల్సా? పైన తిరిగే ఉపగ్రహం గూడ ఒక బొట్టు వెట్టింది. నిన్న రాత్రి సూస్తె ఇంకో బొట్టు. ఎవలదీ? సున్న కనిపెట్టిన పెద్దాయనది! పైలోకం నుంచి లాగిన్ అయి, 'నాయనా బాలరాజూ, నేను సున్న కనిపెట్టిన గని దాన్ని ఎట్ల వాడాల్నో నీ తాన నేర్సుకున్న' అని రాసిండు."

"అన్నా, ఆయనకు పాస్‌వర్డ్ ఎవలిచ్చిన్రే?"

సారు జవాబు వెతుక్కుంటుండగా దీప గ్లాసు కింద పెట్టింది. ఇంకా ఊరుకుంటే రేపు హాల్లో ఏమవుతుందో ఆమెకు తెలుసు.

"సార్, ఏమనుకోకుండ్రి. మీ వీడియోకి ఉన్నది ఒక్కటే బొట్టు. అది నేను పెట్టిన."

ఉమాశంకర్ చేతిలోని బిస్కెట్ జారి చాయ్‌లో పడింది.

"ఒక్కొక్కరి వీడియో ఇంకొకరు చూడాలని జోడీలు కలిపిన్రు గదా. మీ జోడీ నేనే. ఎనిమిది రోజుల సంది మీ పేరు పక్కన 'ఇంకా తెరవలేదు' అనే సూపిస్తుంది సార్."

తను తెరవని సంగతి ఎవరికీ కనబడదని బాలరాజు సారు ఇన్నాళ్లూ అనుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ఏ నిమిషంల పెట్టినవ్ బిడ్డా?"

"ఇరవై మూడుల."

సారు మొహం వెలిగింది. "గదే! వన్ బై టూ పెద్దదా, టూ బై త్రీ పెద్దదా అని బోర్డు మీద గళ్లు గీసిన. పాఠానికి గదే ప్రాణం!"

"కాదు సార్. అప్పుడు మీరు ఫోన్ మాట్లాడనీకి బయటికి పోయిన్రు."

"గురువారమేనా?" అన్నాడు ఉమాశంకర్. "గా ఫోన్ నాదే. 'బండికాడికి ఎప్పుడొస్తవే' అని అడిగితె రెండు నిమిషాలు నీ గొప్పలే జెప్పినవ్."

దీప ఫోన్ తీసి బొట్టు నొక్కింది. బోర్డు, ఖాళీ కుర్చీ, తెల్లమొహాలేసుకున్న ముప్పై మంది పిల్లలు. వెనక బెంచీలోంచి రాణి లేచింది.

"అరేయ్, గంతే గదరా! వన్ బై టూ అంటె ఒక చాయ్ ఇద్దరికి. సగమొస్తది. టూ బై త్రీ అంటె రెండు చాయ్‌లు ముగ్గురికి. మా అవ్వ ఫస్టు ముగ్గురికీ సగం సగం పోస్తది. ఇంకొక సగం మిగిల్తది గదా? అది గూడ ముగ్గురికి జర జర పోస్తది. మరి ఏది ఎక్కువరా?"

"టూ బై త్రీ!" ముప్పై గొంతులు ఒక్కసారి అరిచాయి.

మరుక్షణం తెరలోకి బాలరాజు సారు వచ్చాడు. "ఏందా లొల్లి? రాణీ, నువ్వేనా? లే, బయటికి పోయి నిలబడు!"

దీప రాసిన మాట కింద కనబడుతోంది: 'ఇక్కడ క్లాసు మొత్తానికి లెక్క అర్థమైంది. అప్పుడు సార్ లేరు.'

"అందుకేనా, గా బేస్తవారంనాడు పిల్ల అన్నం తినకుంట పండుకున్నది," అంది శంకరమ్మ. కోపంగా అనలేదు. అందుకే సారుకు ఇంకా ఎక్కువ తగిలింది.

పందొమ్మిదేళ్లలో మొదటిసారి ఆయన చాయ్ చల్లారింది. చేతిలోని గ్లాసు వైపు చూశాడు. సగం కంటే జర ఎక్కువ. రోజూ తాగుతున్నాడు, ఒక్కనాడూ బడి లోపలికి తీసుకుపోవాలని తోచలేదు. ఆ సిగ్గుతో కళ్లు చెమర్చాయి.

"తప్పైందక్కా. పొద్దుగాల పిల్లకు గూడ చెప్త." తన ఫోన్‌లో యాప్ మొదటిసారి తెరిచి, తను అరిచిన చోట ఒక్క వేలితో తనే బొట్టు పెట్టాడు. 'ఇక్కడ తప్పు నాది' అని రాశాడు. "రేపు ఈ రెండు నిమిషాలే సూపిస్త దీపమ్మా."

దీప తలూపింది. శంకరమ్మ చల్లారిన చాయ్ పారబోసి వేడిది పోసింది. మనిషి అక్కడితో ఆగితే బాగుండేది. కానీ వేడి చాయ్ రెండు గుక్కలు దిగేసరికి ఆయన వెన్ను మళ్లీ నిటారైంది.

"అయినా తమ్మీ, క్లాసుల నుంచి ఎప్పుడు బయటికి పోవాల్నో తెల్సుడు గూడ ఒక విద్యే. సరిగ్గ ఇరవై మూడో నిమిషం! దేశం మొత్తంల గా విద్య వచ్చినోళ్లు ఇద్దరో ముగ్గురో..."

"అట్లనా సారూ?" అంది శంకరమ్మ. "అయితె రేపు ఉప్పల్‌కు మా రాణిని గూడ తీస్కపోండ్రి. లోపల అది చెప్తది. మీరు బయట నిలబడుండ్రి."