బూటు విప్పేదాకా

ఇనుప పలకలు దించే గోదాములో, గోడవార బల్ల మీద కూర్చుని ఆ పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది. ఇందాకే ఒక పలక జారి ఆమె కుడి పాదం మీద పడింది. ఎదురుగా నేల మీద కూర్చుని బూటు తాళ్లు విప్పుతున్నది ఆమె వదిన. అక్కడి కూలీలందరికీ ఆమే మేస్త్రీ.

"విప్పకు వదినా. లోపల వేళ్లు ఉన్నాయో లేవో."

"విప్పకపోతే ఎలా తెలుస్తుంది?"

"తెలియకపోయినా ఫర్వాలేదు."

"అచ్చం మీ అన్న పోలికే. కదలకు."

"పొద్దున బూట్ల వెనక భాగం తొక్కుకుని, చెప్పుల్లా ఈడ్చుకుంటూ వచ్చానా, గేటు దగ్గర అందరి ముందూ నిలబెట్టి తాళ్లు కట్టించావు. మనసులో నిన్ను తిట్టుకున్నాను."

"మనసులో ఏంటి, నాకు వినబడింది."

"పలక జారగానే వెనక్కి గెంతాను. పొద్దుటిలాగే ఉంటే బూటు ఊడిపోయేది. ఒట్టి కాలు మీద పడేది."

"మాటల్లో పెట్టి కాలు లాక్కోకు. బూటు ముందు వేళ్లకి కాపుగా ఉన్న ఉక్కు రేకు సొట్టపోయింది. ఇదిగో, వచ్చేసింది."

"ఉన్నాయా?"

"బొటనవేలు కమిలింది. అన్నీ ఉన్నాయి. కదుపు."

ఆ పిల్ల ఒక కన్ను తెరిచింది. వేళ్లన్నీ మెల్లగా కదిలాయి. వదిన ఆ పాదాన్ని కాసేపు తన ఒళ్లోనే ఉంచుకుంది.

"నీవల్లే ఈ కాలు దక్కింది. ఇంకెప్పుడూ నిన్ను తిట్టుకోను వదినా."

"తిట్టుకో. తాళ్లు మాత్రం బిగించి కట్టుకుని తిట్టుకో. పద, డాక్టరుకి చూపిద్దాం."