కుడికాలి మలుపు

ఉదయం ఆరున్నర. పైకప్పు ఉన్న మంచు స్కేటింగ్ రింకు. నేర్పుతున్నది మేనత్త, నేర్చుకుంటున్నది మేనకోడలు. గేటు దగ్గర మంచు తుడిచే బండి, దాని డ్రైవరు. తొమ్మిదింటికి పరీక్ష.

“మళ్ళీ.”

“అత్తా, ఇప్పటికి పద్దెనిమిది సార్లయింది.”

“లెక్క బాగానే పెడుతున్నావు. ఆ ధ్యాసేదో కాలి మీద పెట్టు. మళ్ళీ.”

“కాలు పట్టేసింది.”

“ఏ కాలు?”

“కుడికాలే.”

“నాకు పట్టేసిందంటే అర్థముంది. పదహారేళ్ళ కాలికేం రోగం? వెళ్ళు. ఎడమకాలితో తోసుకో, కుడికాలి బయటి అంచు మీద వాలు, తిరుగు. తిరిగి వెనక్కి జారేటప్పుడు కూడా అదే బయటి అంచు. వంపు మారాలి, అంచు మారకూడదు. రాకర్ అంటే అంతే. ఇందులో బ్రహ్మవిద్య ఏముందే?”

“నోటితో చెప్పడానికి ఏమీ లేదు.”

“ఏంటి గొణుగుతున్నావు?”

“వెళ్తున్నా అంటున్నా.”

“చేతులు దించకు. వాలు, ఇంకా వాలు... అబ్బా! ఆగు. ఆగు, అక్కడే నిలబడు. వెనక్కి తిరిగి నీ గీత చూసుకో. ఎన్ని?”

“రెండు.”

“ఎంత పొడుగు?”

“జానెడు.”

“జానెడా? మూరెడుంది! బ్లేడుకి అటొక అంచు, ఇటొక అంచు. ఒక అంచు మీద వాలితే మంచు మీద ఒక్క గీతే పడుతుంది. రెండు పడ్డాయంటే ఏంటి?”

“వాలకుండా నిటారుగా నిలబడిపోయానని.”

“తిరగబోయే ముందు నిలబడి, ఊపిరి పీల్చుకుని, అటూ ఇటూ చూసి, అప్పుడు తిరుగుతున్నావు. రోడ్డు దాటే ముసలమ్మ నయం నీకన్నా. ఎడమకాలి మీదైతే చేపపిల్లలా జారిపోతావు కదే! కుడికాలికొచ్చేసరికి ఏమొస్తుంది నీకు?”

“తెలీదు.”

“తెలీదు. ఏమడిగినా తెలీదు. ఏడాదికి మూడుసార్లే పెడతారు ఈ పరీక్ష. రెండు తప్పావు. ఇవాళ కూడా తప్పితే పై గ్రూపులోంచి పేరు కొట్టేస్తారు. అదైనా తెలుసా?”

“తెలుసు.”

“రేపట్నుంచి ఆదివారం సరదాకొచ్చే జనంతో పాటు రెయిలింగ్ పట్టుకుని గుండ్రంగా తిరుగుతావు. అది తెలుసా?”

“తెలుసత్తా. నిన్నా చెప్పావు, మొన్నా చెప్పావు.”

“మీ నాన్న ఫోన్ చేశాడు. ‘అక్కా, దానికి రాకపోతే రాదని చెప్పెయ్, మానిపించేస్తా, పుస్తకాలు పట్టుకుంటుంది’ అన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటాను? నీ కూతురికి అన్నీ వచ్చురా, దాని కుడికాలికే రాదు అన్నాను.”

“నవ్వాడా?”

“వాడు నవ్వగా నేనెప్పుడు చూశాను? పద. మళ్ళీ.”

“టీచరమ్మా! తుడవాలి. ఇప్పుడొక పొర నీళ్ళు పోస్తేనే తొమ్మిదింటికి మంచు గట్టిపడేది.”

“పది నిమిషాలు, డ్రైవర్ గారూ.”

“ఇందాకా పది నిమిషాలే అన్నారు.”

“అవి వేరే పది.”

“సరే, కానివ్వండి. టీ ఇక్కడ కట్ట మీద పెట్టాను. మీకోసం మూత పెట్టే ఉంచాను.”

“మీరు చల్లగా ఉండాలి. ఇదిగో, నువ్వు జరుగు. నేను చేసి చూపిస్తా.”

“వద్దత్తా!”

“ఎందుకు వద్దు? చూస్తేనే కదా వచ్చేది.”

“చాలాసార్లు చూశా. నీకు నొప్పి పుడుతుంది. పొద్దున్నే చలికి ఇంకా—”

“తుంటిలో ఇనప కడ్డీ వేశారు కానీ బుర్రలో వేయలేదు. జరుగు. నా మొహం కాదు, నా కాలు చూడు... ఇదిగో, వాలాను... తిరిగాను... వెనక్కి. అమ్మయ్య. చూశావా?”

“చూశా.”

“ఏం చూశావు?”

“నువ్వు... తిరిగావు.”

“తిరిగానని గుడ్డివాడు కూడా చెప్తాడు. ఎలా తిరిగాను? ఏయ్, ఏంటా బరుకుడు? నా గీత మీదికొచ్చి బ్రేకులేస్తావేంటే?”

“ఆగాలి కదా.”

“ఇంత రింకుంది ఆగడానికి! ఎప్పుడు చూడు, నేను తిరిగిన చోటికే వచ్చి పొడిపొడిగా గీకేస్తుంది.”

“చూసుకోలేదు. టీ చల్లారిపోతోంది అత్తా, తాగు ముందు.”

“టీ ఎక్కడికీ పోదు. డ్రైవర్ గారూ, చూస్తున్నారుగా? దీనికి నేర్పలేక నా ప్రాణం పోతోంది.”

“కోప్పడకండి టీచరమ్మా. ఆ పిల్లనొక్కదాన్నీ అంటే ఏం లాభం? మీ దగ్గర నేర్చుకునే పిల్లలందరి గీతలూ అంతేగా.”

“అంతే అంటే?”

“డ్రైవర్ మామా, నువ్వెళ్ళి బండి స్టార్ట్ చేసుకో.”

“నువ్వుండవే. ఏంటి డ్రైవర్ గారూ, అంతే అంటే?”

“అంటే... కుడికాలితో తిరిగే చోట రెండేసి గీతలు. బండెక్కి కూర్చుంటే నాకు కనపడేదల్లా గీతలే కదా. ఎవరి గీత ఏదో మొహం చూడక్కర్లేకుండా చెప్పేస్తాను. అవతలి టీచరు పిల్లలవి ఒక్కటి. మీ పిల్లలవి రెండు.”

“మామా!”

“ఎప్పట్నుంచి?”

“అత్తా, ఆయనకేం తెలుసు? మంచు మెత్తగా ఉంటే అలాగే పడతాయి.”

“నిన్నడగలేదు. ఎప్పట్నుంచండీ?”

“మీరు ఆ పడటం పడి, ఆపరేషనయి, మళ్ళీ వచ్చాక. రెండేళ్ళయిందేమో.”

“నేను పడకముందు?”

“అప్పుడు ఒక్కటే.”

“రెండేళ్ళ నుంచి చూస్తూ నాకు ఒక్క మాట చెప్పలేదేం?”

“నేను బండి తోలేవాణ్ణి టీచరమ్మా. మీరు నేర్పేవారు. ఇదేదో కొత్త పద్ధతి కామోసు అనుకున్నాను. తప్పుగా అన్నానా?”

“లేదు. మీరు తప్పేమీ అనలేదు. జరగండి. నువ్వూ జరుగు.”

“అత్తా, మళ్ళీ ఎందుకు? ఇప్పుడే కదా చేశావు!”

“నువ్వు మాత్రం ఆ రెయిలింగ్ వదిలావో, ఊరుకోను. అక్కడే ఉండు. అడుగు కదపకు.”

“నొప్పి పెడుతుందత్తా.”

“పెట్టనీ. ఇదిగో... తిరిగాను. ఏదీ, నా గీత చూడనీ.”

“టీచరమ్మా, కళ్ళజోడు తెమ్మంటారా? కోటు జేబులో ఉన్నట్టుంది.”

“వద్దండీ. కనపడుతోంది.”

“అత్తా, ఆరింటి నుంచి తొక్కుతున్నాం కదా, మంచు గరుకెక్కిపోయింది. అందుకని—”

“నాది నీ దానికన్నా పొడుగే.”

“అత్తా.”

“మూరెడు కాదు. మూరా జానెడు.”

“ఇలా రా, కూర్చో. నా చెయ్యి పట్టుకో.”

“పట్టుకుంటాలే. తిరగబోయే ముందు నొప్పికి భయపడి నిలబడిపోతున్నాను. నాకు తెలియనే లేదు. వాలాననే అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. ఎంతమంది పిల్లలే, రెండేళ్ళలో?”

“పద్నాలుగు మంది.”

“టక్కున చెప్పావు.”

“ఊరికే... గుర్తుంది.”

“పద్నాలుగు మందికి నా కుంటి నడక నేర్పాను. పైగా నిన్ను ముసలమ్మవన్నాను.”

“అది నువ్వు రోజూ అంటావులే.”

“నవ్వించకు. అలసిపోయాను. నిజంగా అలసిపోయానే. ఇవాళ పరీక్షకి నేను రాను. ఇంటికెళ్ళి పడుకుంటా. నన్ను చూసి చూసి నీ కాలికి పట్టిన రోగం ఒక్క పూటలో వదలదు కానీ, కనీసం ఎదురుగా లేకపోతే—”

“నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను.”

“మొండికేయకు.”

“నేనొక మాట చెప్పనా, టీచరమ్మా?”

“వద్దు మామా. ప్లీజ్.”

“చెప్పండి.”

“తెల్లవారుజామున వేరే గీతలు పడుతున్నాయి. ఐదింటికీ ఆరింటికీ మధ్య. ఒక్కటే గీత. కుడికాలిదే.”

“ఐదింటికా? ఐదింటికి ఎవరొస్తారు ఇక్కడికి?”

“నాకు ఇంట్లో నిద్రుండదు కదా. ఒక్కణ్ణే. పడుకుని గోడ చూసే బదులు వచ్చి తాళం తీస్తాను, మంచు యంత్రాల చప్పుడైనా వినపడుతుంది. ఐదుంబావుకల్లా ఈ అమ్మాయి వస్తుంది.”

“ఒట్టేశావు మామా! ఎవరికీ చెప్పనని ఒట్టేశావు!”

“వేశాను. ఎన్నాళ్ళు మొయ్యమంటావమ్మా? నాకూ నడుం నొప్పులొస్తున్నాయి.”

“ఈ పిల్ల? ఈ పిల్లేనా? నేనొచ్చేసరికి బూట్లు కట్టుకుంటూ ఉంటుందే!”

“విప్పేసి మళ్ళీ కట్టుకుంటుంది. అప్పుడే వచ్చినట్టు.”

“ఒక్క గీతా?”

“వెంట్రుక వాసి. తుడిచెయ్యాలంటే చేతులు రావు. అదిగో, ఆ మూల ఒక్కటి వదిలేసి మిగతావి తుడుస్తుంటాను. మీరొచ్చేలోపు అదీ తుడిచేస్తాననుకోండి. ఓ పావుగంట ఉండనిస్తాను, అంతే.”

“ఇటు చూడు. నీకు వచ్చా? నిన్నే అడుగుతున్నా. కుడికాలి మీద వచ్చా, రాదా?”

“వచ్చు.”

“మరి పోయిన రెండు పరీక్షలు?”

“నువ్వు కట్ట దగ్గర నిలబడతావు కదా.”

“నిలబడితే?”

“నేను వాలగానే నీ కాలు కూడా కదుల్తుంది. బూట్లు లేకపోయినా, ఉన్నచోటే, నాతోపాటు నువ్వూ తిరుగుతావు. అది చూశాక నా కాలు నీ దారే పడుతుంది. మర్చిపోతానేమోనని భయమేసి పొద్దున్నే వచ్చి చేసుకుంటున్నా.”

“లే.”

“అత్తా—”

“లేచి తిరుగు. నా ఎదురుగా. వెళ్ళు.”

“వద్దు. తొమ్మిదింటికి చేస్తాలే.”

“తొమ్మిదింటికి నేను ఆ కట్ట దగ్గరే ఉంటాను. ఇప్పుడు చెయ్యలేనిదానివి అప్పుడెలా చేస్తావు? వెళ్ళు. చూడు, నా చేతుల్లో టీ ఉంది. కాలు మడిచి కూర్చున్నాను. కదలను.”

“కదలవుగా?”

“కదిలితే టీ నా మీదే పడుతుంది. వెళ్ళవే తల్లీ.”

“వెళ్తున్నా.”

“డ్రైవర్ గారూ.”

“చూస్తున్నానండి.”

“ఎన్ని?”

“మీరూ చూశారుగా.”

“చూశాను. మళ్ళీ!”

“మళ్ళీనా? ఒక్కటే కదత్తా పడింది! ఎక్కడ తప్పింది?”

“ఎక్కడా తప్పలేదు. ఇంకోసారి చూద్దామని.”

“సరే, చూడు.”

“చాలు. ఇలా రా. తొమ్మిదింటికి కూడా ఇలాగే. నేను ఎదురుగా ఉంటా. నా కాలు ఆడితే ఆడుతుంది, నువ్వు చూడకు. చేస్తావా?”

“చేస్తా.”

“నిజంగా?”

“చేస్తా అన్నాగా. ఇప్పుడు చేశాగా.”

“పరీక్షయ్యాక ఆ పద్నాలుగు మందినీ పిలుస్తాను. జరిగిందేంటో నేనే చెప్తా వాళ్ళకి. నోటితో నేను చెప్తా, కాలితో నువ్వు చూపించు.”

“తిడతారేమో అత్తా, వాళ్ళమ్మలూ నాన్నలూ.”

“తిట్టనీ. తిట్టాల్సిందే. డ్రైవర్ గారూ, ఇక మీ బండి తెచ్చుకోండి.”

“తెస్తున్నా. ఆ మూల ఇప్పుడు తిరిగింది మాత్రం ఆఖర్న తుడుస్తానండి.”

“మీ ఇష్టం. ఏయ్, ఇలా కూర్చో. ఈ టీ సగం నువ్వు తాగు. ఒకటడుగుతా, కోప్పడను. ఎవరు నేర్పారు నీకది? అవతలి టీచరా?”

“కాదు.”

“పరవాలేదు చెప్పు. ఎవరైతేనేం, వెళ్ళి దణ్ణం పెట్టొస్తా.”

“నువ్వే.”

“నేనా? నా మూరా జానెడు చూసి ఎవరికొస్తుందే ఆ గీత?”

“నువ్వు పడకముందే వచ్చేసింది నాకు. పద్నాలుగేళ్ళప్పుడు. నువ్వే నా నడుం పట్టుకుని వాల్చి వాల్చి నేర్పావు, మర్చిపోయావా?”

“నిజమే. నీకు వచ్చేసిందప్పుడు. నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు పోయిందనుకున్నాను. చెప్పేవాళ్ళు లేక చెడిందనుకున్నాను.”

“చెడలేదు.”

“మరి చేతికొచ్చిన దాన్ని ఎవరైనా వదులుకుంటారా? అందరికన్నా నువ్వు పాతదానివి. నా మంచి రోజులు చూసినదానివి. ఆ పిల్లలంటే తెలియక నన్ను చూసి పట్టుకున్నారు. నీకేమయిందే?”

“బండి వస్తోంది, లే అత్తా.”

“అటువైపు నుంచి మొదలుపెడతాడు, టైముంది. చెప్పు.”

“ఏం లేదు.”

“చెప్పవే.”

“ఆస్పత్రి నుంచి వచ్చి నువ్వు మొదటిసారి మంచు మీదికి దిగినప్పుడు మనిద్దరమే ఉన్నాం. ఒక్కసారి తిరిగి, రెయిలింగ్ దాకా వచ్చి, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నావు. ‘నిజం చెప్పు, ఇదివరకటికీ ఇప్పటికీ ఏమైనా తేడా కనపడుతోందా?’ అని అడిగావు.”

“నువ్వేమీ లేదన్నావు.”

“లేదనేశాను. ఆ మాట అబద్ధం కాకూడదని, మన గీతల్లో తేడా కనపడకుండా మర్నాటి నుంచి నేనే నీలాగా తిరగడం మొదలుపెట్టాను.”