పదారణాల బీరు

ఏందిరా రిచర్డు, గా మూత ఏడ దొర్కింది నీకు? ఉప్పు డబ్బ మీద ఉండెనా? ఇటు తే, జర చూడనియ్. ఆఁ, గదే. గీ పక్కన పెచ్చు ఊడింది చూడు. గిది ఉప్పు డబ్బది కాదు బిడ్డా, పింగాణి జాడీది. జాడీ పలిగి ఎన్నేండ్లాయె, మూత మాత్రం మీ నాయినమ్మ దాసుకున్నది. ఎందుకు దాసుకున్నదంటవా? కూసో, చెప్త. చెప్త గని నడుమల అడ్డం అడగకు. నాకే సక్కగ సమజ్ కాదు గా ముచ్చట, నువ్వు అడిగితె ఇంకింత పరేషాన్ అయిత.

మీ తాత సొలొమోను, నాకు బావ గద, మిల్ట్రీ దొరల దగ్గర బొల్లారంల వంట చేస్తుండె. ఆడనే బీరు కాసుడు నేర్సుకున్నడు. దొరలు పోయినంక మెదక్ కొచ్చి మా అక్క ఎలిశిబాతోని కాపురం పెట్టిండు. వంట పని మస్తు దొర్కింది, పెండ్లిళ్లకు పిలుస్తుండ్రి, గని మనిషికి గా బీరు రంది పోలే. ఎందుకు బావా గింత రంది అని నేనే అడిగిన ఓపారి. ఏమన్నడెర్కేనా? "గాబ్రియేలూ, పదకొండేండ్లు కాసి పోసిన. గ్లాసు ఎత్తుతుండ్రి, తాగుతుండ్రి, కింద పెడ్తుండ్రి. బాగుందనలే, బాగలేదనలే. గోడకు పోసినా గంతే గదా" అన్నడు. గా మాట అన్నప్పుడు ఆయన మొఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది, నిజంగ. ఒక్క మాట కోసం మనిషి గట్ల కాలిపోతడా అనుకున్న. బేగంబజార్ నుంచి బార్లీ గింజలు తెప్పిస్తుండె. నానబెట్టి, మొలకలొచ్చినంక మిద్దె మీద ఎండబోసి, పిట్టలు కొట్టకుంట అక్కను కాపల పెడ్తుండె. దొరలు అండ్ల ఏదో చేదు పువ్వు వేస్తరట. గది ఈడ ఏడ దొర్కాలె? వేపపువ్వు వేసిండు. పొంగుడుకు కల్లు మడ్డి కలిపిండు. జాడీల పది దినాలు పెట్టి, గోలీసోడ సీసల్ల నింపి, మంచం కింద దాపెడ్తుండె.

గోలీసోడ సీసల్ల, సమజైందా? గోలి బిగుసుకున్నదంటె గాలి పోదు. ఓ బేస్తారం మా అక్క ఇంట్ల ప్రార్థన కూటం పెట్టుకున్నది. పాస్టరయ్య గా మంచం మీదనే కూసున్నడు. అందరం కండ్లు మూసుకున్నం. "ప్రభువా, ఈ గృహమును..." అన్నడో లేదో, ఠప్పుమన్నది కింద. ఇగ ఒకటెంబడి ఒకటి, ఠప్ ఠప్ ఠప్! పాస్టరయ్య ధోతి తడిసింది, నురగ మోకాళ్ల దాకొచ్చింది. మా వదిన దానమ్మ "రెండో రాకడ, రెండో రాకడ" అని బయటికి ఉరికింది. నవ్వకురా, గప్పుడు ఎవ్వలం నవ్వలే. గా ఆదివారమే గుడి పెద్దలు కూసొని, సొలొమోను గా కాసుడు బందు చేసేదాక ప్రభు బల్ల కాడికి రావొద్దన్నరు. అందరు ముందుకు పోయి రొట్టె, రసం తీసుకుంటె, ఈయన ఒక్కడు ఎనకబల్ల మీద కూసోవాలె. మా అక్క ఒక్కతి పోయి మోకాళ్లు వేస్తుండె. పక్కన జాగ ఖాళీ. ఆదివారం బడిల పిల్లలకు వాక్యం చెప్పేటామె, ఎట్లుంటదో నువ్వే అనుకో. ఇంటికొచ్చి కొట్లాడింది, ఏడ్సింది, అన్నం మానింది. ఆఖరుకు బావ బైబిల్ మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండు. "నర్సింగం నోటెంట పదారణాలు అనిపించుకుంట. గా దినమే జాడీ పలగ్గొడ్త. మల్ల ముట్ట." అని.

నర్సింగమెవరో చెప్పలేదా? గదిగో, తొందరల మర్సిపోతున్న. కల్లు దుకాణంల రుచి చూసే మనిషి. చెట్టెక్కుతుండె ముందుగాల, మోకాలు పోయినంక దుకాణమాయన తీస్కపోయి గేటు కాడ కూసోబెట్టిండు. పొద్దుగాల కల్లు లొట్లు దిగుతుంటె ఒక్కో గుక్క పట్టి, పుక్కిలించి, ఉమ్మి, "ఎనిమిదణాలు", "పదకొండణాలు" అంటుండె. ధర కాదు బిడ్డా, మార్కులు. రూపాయికి పదారణాలు గద, అండ్ల ఎన్నణాల పాటి ఉన్నది అని. పద్నాలుగు దాటి ఎన్నడూ ఇయ్యలే. "ఆ రెండు దేవునియి" అంటుండె. నయాపైసలొచ్చినంక పోరగాండ్లు "ఇగ నూటికి చెప్పు తాతా" అంటె, "నా నాలికకు నయాపైసలు తెల్వయి పోండ్రి" అని ఎల్లగొట్టిండు. గసుంటోని కాడికి బావ సీస పట్టుకొని పోయిండు. మొదటిసారి, మూడణాలు. "గుర్రాన్ని కడిగిన నీళ్ల లెక్కుంది సొలొమోనూ" అన్నడు. తర్వాత ఆరు. తర్వాత తొమ్మిది. ఇగ ఆడనే ఆగింది. ఏడాది దాటింది, తొమ్మిది మీదికి జరగలే. బావ బక్కగయిండు, అక్క ఇంకింత బక్కగయింది.

గిప్పుడు జర ఇను, గీడనే నాకు తికమక. శ్రమల దినాలొచ్చినయ్. ఈస్టరు పండుగ ముందటి బేస్తారం నాడు ప్రభు బల్ల ఉంటది గదా, గప్పటికన్న మొగడు పక్కన ఉండాలని అక్క పాణం కొట్టుకున్నది. ఎవ్వలకు చెప్పకుంట నర్సింగం ఇంటికి పోయింది. వాళ్ల ఆడామె బాలలక్ష్మి పీటేసి కూసోబెట్టిందట. "అన్నా, ఒక్కసారి పదారణాలని అనుండ్రి. మీకు పుణ్యముంటది" అని కాళ్లు పట్టుకోబోయింది. ఆయన కాళ్లు ఎనకకు తీస్కొని, "అమ్మా, పొలం లేదు, మోకాలు లేదు. నాకున్నది గీ నాలిక ఒక్కటే. దీంతోని అబద్ధమాడితే నాకేం మిగుల్తది?" అన్నడట. అక్క లేసి వచ్చేసింది. గా వారమే బావకు చలిజరం. జాడీ సగం పనిల ఉన్నది. మంచంల పండుకొని వణుక్కుంట చెప్తుంటె, అక్కనే కాసింది. రెండు పిడికిళ్ల వేపపువ్వు వెయ్యమన్నడు. ఒక్కటే వేసింది. చిన్న శొంఠి కొమ్ము దంచి వేసింది. బెల్లం జరంత మాడనిచ్చి కలిపింది. చెప్పలే. కూర చేసే చెయ్యి ఊకుంటదా మరి?

జరం తగ్గినంక బావ సీస పట్టుకున్నడు, నేను ఎంట పోయిన. నాకు గప్పటికి ఇవేవీ ఎర్కలేదు. నర్సింగం గుక్క పట్టిండు. పుక్కిలించిండు. ఉమ్మలే! మింగిండు. ఇంకో గుక్క పట్టిండు. అదీ మింగిండు. లొట్లు దించేటోళ్లు గూడ ఆగిండ్రు. కింద మన్ను చూస్కుంటనే, "పదారణాలు" అన్నడు. గంతే. తలకాయ ఎత్తలే. బావ గాడనే కూలవడి చిన్నపోరని లెక్క ఏడ్సిండు. సీసల అడుగుకు ఇంత మిగిలితె నేను తాగేసిన. బావ ఇంటికి ఉరికొచ్చి, వాకిట్ల జాడీ పెట్టి, రోకలితోని ఒక్క దెబ్బ. మాట మీద నిలవడ్డడు మనిషి. బేస్తారం నాడు తెల్లంగి తొడుక్కొని అక్క పక్కన మోకాళ్లు వేసిండు. నేను ఎనకనే ఉన్న. గిన్నె అందుకొని ద్రాక్షరసం ఓ గుక్క పట్టిండు, నాలిక మీద అటు ఇటు తిప్పిండు, అక్క చెవుల మెల్లగ "ఏడణాలు" అన్నడు. అక్క కొంగు నోట్ల కుక్కుకున్నది. భుజాలు ఊగుతున్నయ్. పాస్టరయ్య ఆమె ఏడుస్తున్నదనుకొని తల మీద చెయ్యి పెట్టి దీవించిండు.

గీడికి అయిపోతె మంచిగుండు. బావ పోయినంక, మూడేండ్లకో నాలుగేండ్లకో, ఓ దినం అక్క బియ్యం ఏరుకుంట గిదంతా చెప్పింది. పోయి బతిమాలింది, తనే కాసింది, అన్నీ. నేను "గట్లయితె గా పదారణాలు నీయే గదనే అక్కా!" అన్న. చాట ఆపింది. "నాయో, అడుక్కుంటె ఏసిన బిచ్చమో, నాకేం తెల్సు తమ్మీ? నేను పోకుండా ఉండి ఆయన గా మాట అనుంటె, నాయే. పోతిని గదా. నా నోటితోని నేనే ఖరాబు చేసుకుంటి" అన్నది. నర్సింగాన్నే అడగకపోయినవా అంటె, "రెండుసార్లు వాళ్ల వాకిలి దాక పోయిన. ఏమని అడగాలె? నీ నాలికతోని అబద్ధమాడినవా అనా?" అన్నది. నర్సింగం గా పండుగ తర్వాతి వానకాలమే పోయిండు. మల్ల ఎవ్వలకూ పదారణాలు ఇయ్యలే. అది నిజమైనందుకో, అబద్ధమైనందుకో! నేను గిన్నేండ్లు తిప్పి మళ్లేసి ఆలోచన చేసిన, ఒకపారి గిట్ల అనిపిస్తది, ఒకపారి గట్ల అనిపిస్తది. మీ తాతకు మాత్రం ఆమె సచ్చినా చెప్పలే. ఆయన తనదేననుకొనే పోయిండు.

గప్పుడు అక్క నా దిక్కు చూసింది. చిన్నపిల్ల లెక్క చూసింది రా. "తమ్మీ, మిగిలింది నువ్వు తాగినవట గద. నువ్వెన్నణాలిస్తవు?" అన్నది. నేను ఏమన్ననో ఎర్కేనా? "నాకేం తెల్సు అక్కా. చల్లగుండె" అన్న. నిజమే చెప్పిన, నాకు కల్లుకు కాఫీకి ఫరక్ తెల్వదు. "ఆఁ, చల్లగుండె" అన్నది, మల్ల చాట పట్టుకొని బియ్యం ఏరుకున్నది. పదారణాలే అక్కా అంటె నా నోరు అరిగిపోతుండెనా? ఒక్క మాట. గంతే గద...

గా కిటికి ముయ్యి బిడ్డా, దుమ్ము కొడ్తున్నది. మూత ఉప్పు మీద పెట్టు, సక్కగ పెట్టు.