ఐదు కాళ్ల పిల్లి

మూడు రోజులుగా ఇల్లంతా గాలించినా దొరకని, పాప కాగితం మీద గీసిన పిల్లి బొమ్మ నాన్న బల్ల సొరుగులో, అట్టల కింద బయటపడింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డ ఆరేళ్ల కూతుర్ని చూడగానే, పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే ఆ తండ్రి వేస్తున్న రంగు సగంలో ఆపేశాడు.

"నాన్నా, నా పిల్లి! ఇక్కడికెలా వచ్చింది?"

"సొరుగెందుకు తీశావమ్మా?"

"రబ్బరు కోసం. దీని మీద పెన్సిలుతో ఈ గళ్లేంటి?"

"అవా... బొమ్మను చూసి పెద్దగా వెయ్యాలంటే అలా గళ్లు గీసుకుంటారు."

"ఎవరు?"

అతను కుంచె కడుగుతున్నట్టు నటించాడు. పాప చూపు గోడమీది కొత్త పుస్తకం అట్ట మీద పడింది.

"అరె, నీ పిల్లికి కూడా ఐదు కాళ్లే! ఒక కాలు నొప్పెడితే మార్చుకోడానికేనా?"

"ఆ... అందుకే."

"నీకూ నాలాగే తట్టిందా! భలే నాన్నవి!"

అతను తలెత్తలేకపోయాడు.

"నాన్నా, బొమ్మ పారేసుకున్నానని మొన్న తిట్టావుగా? నేనే ఇక్కడ పెట్టి మర్చిపోయుంటాను. ఇంకెప్పుడూ అలా చెయ్యను. కోప్పడవుగా?"

ఊఁ అంటే చాలు, గండం గట్టెక్కేది.

"నువ్వు మర్చిపోలేదు తల్లీ. వారం రోజులు తల బద్దలు కొట్టుకున్నా నాకు ఒక్క పిల్లీ కుదరలేదు. నువ్వు బడికెళ్లాక నీ పుస్తకంలోంచి చింపాను. చూసి వేసి, కింద నా పేరు రాసుకున్నాను. తిడితే వెతకడం మానేస్తావని తిట్టాను. దొంగను నేనేనమ్మా."