రంగం పెట్టె, మూత లోపలి పటం

1955వ సంవత్సరం ఆగస్టు 9వ తేదీ మంగళవారం పగలు పదకొండున్నర గంటలకు, చోడవరం సబ్ మేజిస్ట్రేటు గారి ఎదుట ముద్దాయి చెప్పగా రాసుకున్నది.

నా పేరు సిరిపురపు యెహోషువ. తండ్రి పేరు దాసు, కాలం చేశారు. నా వయసు నలభై ఏడు. వృత్తి పాత పెట్టెల పని. కాపురం చోడవరంలోనే, బజారు వెనక సందులో. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. ఫిర్యాదు కాగితంలో దొంగతనం అని రాశారు కాబట్టి ముందే చెప్తున్నాను, నేను దొంగను కాను. సింహాద్రి అప్పన్న పటం చింపానని కూడా రాశారు. నేను చింపలేదు. ఈ రెండూ ఎన్నిసార్లు అడిగినా ఇదే చెప్తాను.

ముందు నా పనేమిటో రాసుకోవాలి. లేకపోతే మిగతాది ఎవరికీ అర్థం కాదు. పెట్టెలంటే రేకు ట్రంకులు కావు. తోలువి, ఫైబరువి, చెక్క మీద గుడ్డ అతికినవి, పిడి పట్టుకుని మోసుకెళ్ళే గట్టి సూట్‌కేసులు. దొరలు దేశం వదిలిపోతూ విశాఖపట్నంలో పారేసినవి కొన్ని. పట్టాళంలో పనిచేసినవాళ్ళు తెచ్చినవి కొన్ని. ఎక్కువ మటుకు రంగం పెట్టెలు. మా వైపు రంగూనును రంగం అంటాం. అక్కడ కూలికి వెళ్ళి, యుద్ధంలో బాంబులు పడ్డాక నడిచి వచ్చినవాళ్ళు నెత్తిన పెట్టుకుని తెచ్చిన పెట్టెలు అవి.

ప్రయాణానికి పనికిరాని పెట్టెను నేను ఇంకో పనికి మారుస్తాను. చీడికాడ కాంపౌండరు మందులు పెట్టుకునేది ఒకప్పుడు ఎవరో ఓడ ఇంజనీరు పెట్టె. కె.కోటపాడులో ఒక మంగలికి పెట్టె మూతలో అద్దం బిగించి ఇచ్చాను. హార్మోనియం దాచుకునే పెట్టె, పసిపిల్లను పడుకోబెట్టే ఉయ్యాల, అన్నీ చేశాను. ప్రస్తుతం నా దగ్గర ముప్పై ఒక్క పెట్టెలున్నాయి. అందులో తొమ్మిది అమ్మను, మార్చను. ఎందుకు అమ్మవని ఊళ్ళోవాళ్ళు అడిగితే నా ఇష్టం అంటాను. తమరు అడిగినా అదే జవాబు.

పెట్టె చూసి దాని వయసు చెప్పగలను. సంతలో పళ్ళు పట్టి చూసి ఎద్దు వయసు చెప్పేవాణ్ణి ఎవరూ మాయగాడనరు. ఇదీ అంతే. తాళం నొక్కితే ఎగిరేదా, పక్కకు జరిపేదా చూస్తాను. మేకులు ఇత్తడివా ఇనపవా చూస్తాను. యుద్ధం రోజుల్లో ఇత్తడి దొరక్క ఇనపవి కొట్టారు. లోపల అతికిన కాగితం కింద ఏ ఊరి పత్రిక ఉందో, జిగురు మైదాదో చింతగింజలదో చూస్తాను. రెండేళ్ళు అటూ ఇటూ తప్ప ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

ఇంకొక సంగతి కూడా రాసుకోండి. మా ప్రాంతంలో చదువొచ్చినవాళ్ళు బిడ్డ పుడితే ఆ రోజూ ఆ వేళా ఇంటి తలుపు వెనకాల రాసుకుంటారు. రంగంలో కూలీ గదుల్లో ఉండేవాళ్ళకు సొంత తలుపెక్కడిది? వాళ్ళు పెట్టె మూత లోపల రాసుకునేవారు. నేను చూసిన రంగం పెట్టెల్లో ప్రతి మూడింటికీ ఒకదానిలో అలాంటి రాత ఉంది. అటువంటి రాత కనబడితే దాని మీద నేను కాగితం అతకను. అమ్మనని చెప్పిన తొమ్మిదీ అవే. ఇప్పుడు ఎందుకో చెప్పినట్టే అయింది, కానివ్వండి.

జూన్ 14వ తేదీ, మంగళవారం, పొద్దున పది గంటలకు ఈ గొడవకు మూలమైన పెట్టె నా కొట్టుకు వచ్చింది. తెచ్చింది ఎవరని స్టేషనులో మూడుసార్లు అడిగారు. చెప్పలేదు. తమరు నాలుగోసారి అడుగుతున్నారు. చెప్పను. తెచ్చింది ఫిర్యాది ఇంటి మనిషే. నేను మార్చి చేసిన ఒక చిన్న పెట్టెను బదులుగా తీసుకుని, దీన్ని నా చేతికిచ్చి వెళ్ళారు. పేరు చెప్తే నేను ఈ క్షణమే ఇంటికి పోవచ్చని నాకు తెలుసు. ఆ మనిషికి మాత్రం ఈ రాత్రికి తల దాచుకునే చోటుండదు. నాకు జైలైనా ఒక కప్పు ఉంటుంది. అందుకని చెప్పను.

పెట్టె గోధుమరంగు ఫైబరుది. మూలలకు తోలు తొడుగులు, ఇత్తడి మేకులు. మూతను పెట్టెకు కలిపే బందు ఒకటి విరిగింది. అడుగున అతికింది రంగం పత్రిక, 1937వ సంవత్సరానిది, సగం బర్మా అక్షరాలు. మూత లోపల నిండుగా అప్పన్న పటం అంటించి ఉంది. అడుగు కాగితానికి మైదా జిగురు, పటానికి చింతగింజల జిగురు. అంటే పెట్టె చేసిన చోట పటం అంటించలేదు. పెట్టె వయసు ఒకటి, పటం వయసు ఒకటి.

బందు మార్చాలంటే మూత లోపలివైపు ఖాళీ చెయ్యాలి. పటం ఎలా తీశానో అడిగారు. గుడ్డ గోరువెచ్చని నీళ్ళలో ముంచి, పిండి, పటం మీద పరిచాను. ఆరినప్పుడల్లా మళ్ళీ తడిపాను. పొద్దున పదకొండుకు మొదలుపెడితే మధ్యాహ్నం మూడున్నరకు ఊడివచ్చింది. అన్నం కూడా తినలేదు. ఒక్క మూల కూడా పోలేదు. నేను చింపలేదు. నేను క్రైస్తవుణ్ణి, ఆ పటానికి దణ్ణం పెట్టను. అలాగని ఇంకొకరి దేవుణ్ణి చింపేవాణ్ణీ కాను. ఆరబెట్టి, ఎదురుగా టీ దుకాణం నడిపే పెదబాబుకిచ్చాను. అతను అద్దం కట్టించి గోడకు పెట్టాడు. ఇప్పుడు వెళ్ళి చూడండి, రోజూ రెండు పూటలా అగరొత్తులు వెలుగుతున్నాయి. అంతకు ముందు పన్నెండేళ్ళు ఆ దేవుడు మూసిన పెట్టెలో చీకట్లో ఉన్నాడు. అవమానం ఎవరు చేశారో మీరే ఆలోచించండి.

పటం ఊడదీయగా రెండు సంగతులు బయటపడ్డాయి. మొదటిది, పటం అడుగు అంచు వెనక్కి మడిచి అంటించి ఉంది. మడత విప్పితే అనకాపల్లి బట్టల కొట్టు వాళ్ళు పంచిన క్యాలెండరు అని, 1943 అని అచ్చులో ఉంది. రెండోది, పటం కింద పెన్సిలుతో రాసిన రాత. సీసపు పెన్సిలు కాబట్టి తడికి చెదరలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను:

"1938 మార్చి 17 గురువారం తెల్లవారుజామున మాకు ఆడపిల్ల పుట్టింది. పేరు చిన్నమ్మి. తల్లి అప్పలనరసమ్మ, నా భార్య. తండ్రి పరదేశి. రంగం." దాని కింద ఇంకో వరుస: "1939 ఏప్రిల్ 2. పాప నడిచింది."

పెదబాబును పిలిచి చదివించాను. అతను రెండుసార్లు చదివి, అప్పలనరసమ్మంటే మన విస్తళ్ళ అప్పలనరసమ్మే కదా అన్నాడు. చోడవరంలో ఆమెను ఎరగనివాళ్ళు లేరు. ఇంటింటికీ అడ్డాకు విస్తళ్ళు కుట్టి ఇస్తుంది. కూతురికి పదిహేడేళ్ళు, పేరు చిన్నమ్మి.

పెదబాబు కబురు పెడితే జూన్ 16వ తేదీ సాయంత్రం నాలుగింటికి తల్లీ కూతుళ్ళు కొట్టుకు వచ్చారు. అప్పలనరసమ్మ మూత మీద చెయ్యి వేసింది. తర్వాత ఆమె చెప్పింది ఇది. 1942లో మొగుడూ పెళ్ళాం నాలుగేళ్ళ బిడ్డతో రంగం నుంచి నడిచి బయల్దేరారు. మొగుడు పరదేశి దారిలో జ్వరంతో చనిపోయాడు. ఆమె బిడ్డను చంకనేసుకుని పెట్టె నెత్తిన పెట్టుకుని రావికమతం దగ్గరి పల్లెలో బావగారి ఇంటికి చేరింది. ఆ బావగారే ఫిర్యాది సత్యారావు. ఆయన కొన్నాళ్ళు ఉండనిచ్చి, తర్వాత మా తమ్ముడికి పెళ్ళే కాలేదు, నువ్వెవరో, ఆ గుంట ఎవరిదో అన్నాడు. పెట్టె తన దగ్గరే ఉంచుకుని బయటకు పంపాడు. అలా పరదేశి వాటా ఎకరన్నర చెరుకు భూమి కూడా ఆయనదే అయింది.

ఆమె ఊరుకోలేదు. పెట్టె మూతలో నా పెనిమిటి చేతిరాత ఉంది, తెరిచి చూడండని పెద్దమనుషుల్ని పిలిచింది. వాళ్ళు వచ్చారు. సత్యారావు పెట్టె తెచ్చి అందరి ముందూ తెరిచాడు. మూతలో అప్పన్న కనిపించాడు. పెద్దమనుషులు ఐదుగురూ చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని, మూత వేసేశారు. దేవుడి వెనకాల చూద్దామని ఒక్కరికీ అనిపించలేదు. ఆమె అబద్ధాలాడిందని తీర్పు చెప్పి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం చిన్నమ్మి మూతలో రాత చదివింది. తను పుట్టింది ఏ రోజో ఆ పిల్లకు అప్పటిదాకా తెలియదు. రెండో వరుస మూడుసార్లు చదివింది. పెట్టె తీసుకుపొమ్మని నేనే అన్నాను. అప్పలనరసమ్మ, "మా పాకలో వాన కారతంది బాబూ, నీ కాడే ఉండనీ. ఎవులికీ ఇవ్వకు" అంది. ఎవరికీ ఇవ్వనన్నాను. ఇవ్వలేదు.

జూలై 20వ తేదీ బుధవారం పొద్దున తొమ్మిదింటికి సత్యారావు నా కొట్టుకు వచ్చాడు. మూత తెరిచి ఉంది. చూశాడు.

"ఒరే, అది మా అయ్య పెట్టె. నీకాడికెలా వచ్చిందిరా" అన్నాడు.

మీ అయ్య ఎప్పుడు కొన్నారని అడిగాను. ముప్పైలో మద్రాసులో కొన్నాడన్నాడు. పటం ఎవరంటించారని అడిగాను. అయ్యే అంటించాడన్నాడు. అయ్య ఎప్పుడు పోయారని అడిగాను. ముప్పై ఏడులో అన్నాడు. అప్పుడు నేను, "ముప్పై ఏడులో పోయిన మనిషి నలబై మూడు కేలండరెలా అంటించేడు బాబూ" అన్నాను. పెట్టె లాక్కోబోయాడు. నేను మూత వేసి దాని మీద కూర్చున్నాను. గంటన్నర కూర్చున్నాను. ఆయన తిడుతూ నిలబడ్డాడు. పెదబాబు మధ్యలో నాకు టీ తెచ్చి ఇచ్చాడు. కూర్చునే తాగాను. పదిన్నరకు ఆయన స్టేషనుకు వెళ్ళాడు. పెట్టె తీసుకుపోయింది పోలీసులు. నేను ఇవ్వలేదు, వాళ్ళు తీసుకున్నారు. అదీ అలాగే రాసుకోండి.

పరదేశి చేతిరాత కాదని ఫిర్యాది అంటున్నాడు. పరదేశి రంగం నుంచి అన్నకు రాసిన ఉత్తరాలు ఆయన ఇంట్లోనే ఉండాలి. తెమ్మనండి. పక్కపక్కన పెట్టి చూడండి. దొంగను పట్టుకోవాలని అంత పట్టుదల ఉన్న మనిషి ఉత్తరాలు తేవడానికి ఎందుకు వెనకాడతాడు?

పెట్టె ఎవరిచ్చారో మాత్రం చెప్పను. శిక్ష వేస్తే వెయ్యండి.

(ఇంతవరకు రాసేసరికి వరండాలో ఉన్న ఒక స్త్రీ లోపలికి వచ్చింది. ఫిర్యాది సత్యారావు భార్యనని, పేరు రాజ్యమని, వయసు నలభై రెండని చెప్పింది. వేరే వాంగ్మూలం తీసుకుంటామని చెప్పినా ఆగక, ముద్దాయి ఎదుటే ఈ మాటలు చెప్పింది: "ఆ పెట్టె నానే ఇచ్చేను బాబూ. ఆయన ఊళ్ళో లేన్నాడు తెచ్చి ఇచ్చేను. పటమూ నానే అంటించేను, ఆయన అంటించమంటే. పెద్ద పటం, మూతకి పట్టలేదు. దేవుణ్ణి కత్తిరించడానికి సేతులు రాక కిందది మడిసేను. నాకు సదువు లేదు. కానీ ఆ గుంట అయ్య రాసుకున్నదని తెలుసు. తెలిసే అంటించేను.")

పటం సత్యారావే అంటించాడని నేను ఇంతకాలం అనుకున్నాను. అది నా పొరపాటు. ఆమె తానుగా చెప్పింది కాబట్టి ఇప్పుడు నేనూ చెప్తున్నాను. జూన్ 14న పెట్టె తెచ్చింది ఈమే. బదులుగా దేవుడి సామాను పెట్టుకునేందుకు చిన్న తోలు పెట్టె తీసుకెళ్ళింది. గుమ్మం దిగి, మళ్ళీ వెనక్కి వచ్చి, "మూతలో పటం ఊడదీసెయ్యి బాబూ, సింపకుండా" అంది. ఆ మాట రెండుసార్లు అంది. చింపలేదు, చింపలేదు అని పొద్దుటి నుంచి ఇన్నిసార్లు అన్నది అందుకే. ఆ మాట తమరి కోసం మాత్రమే అన్నది కాదు. ఆమె బయట ఉందని, వింటోందని నాకు తెలుసు.

ఒక్క మనవి. ఆ పెట్టె కోర్టులో ఉన్నన్నాళ్ళూ నంబరు చీటీ పైన అంటించండి, అడుగున అంటించండి. మూత లోపల మాత్రం మళ్ళీ ఏదీ అంటించకండి.

పై రాతంతా నాకు చదివి వినిపించారు. ఒకచోట గుమాస్తా గారు "పటం చించగా" అని రాస్తే కొట్టేయించి "ఊడదీయగా" అని రాయించాను. మిగిలినది నా నోటి మాటే. బెదిరిస్తే చెప్పింది కాదు, బతిమాలితే చెప్పింది కాదు. నిజం.

సంతకం: సి. యెహోషువ

దాని కింద, ఎవరూ అడగకపోయినా తనంతట తాను వేసినది: రాజ్యం, ఎడమ బొటనవేలి ముద్ర.