గోడకవతల సగం జపం

మాల్టాలో గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళ సందు. జనాభా లెక్కల మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. తలుపు తీసిన ముసలామె చేతిలో జపమాల ఉంది.

"ఇంట్లో ఎంతమంది పెద్దమ్మా?"

"ఒక్కదాన్నే. మెల్లగా మాట్లాడు నాయనా, పక్కింటి జూజా వింటుంది."

"మీ ఇద్దరికీ పడదా?"

"ముప్పై ఏళ్ళుగా మాటల్లేవు. పండగ ఊరేగింపులో వాళ్ళ బ్యాండు మా గుమ్మం ముందుకొచ్చినప్పుడు తలుపేసుకున్నాను. ఊళ్ళో పోటీ బ్యాండ్లు రెండు, మాది రెండోది మరి! పౌరుషం ఉండదూ?"

"ఇంత ఇరుకులో మాట్లాడుకోకుండా ఎలా ఉన్నారమ్మా?"

"సాయంత్రం జపం ఉందిగా. సగం నేను చెబితే, మిగతా సగం తను గోడ అవతల్నించి చెబుతుంది. అది మాటల కిందికి రాదు. నాలుగు రోజులుగా పలకడం లేదు. శనివారం మా బ్యాండు జెండా కిటికీకి కట్టించానని అలిగినట్టుంది."

"పెద్దమ్మా, ఆదివారం మీరు చర్చిలో ఉండగా ఆవిణ్ణి మేనకోడలు వచ్చి వృద్ధాశ్రమానికి తీసుకెళ్ళిందట. ఎదురింటివాళ్ళు చెప్పారు. మీకు తెలిసే ఉంటుందనుకున్నారు."

"నాకెవరు చెబుతారు?"

"ఇల్లు కూడా అమ్మేశారు. పడగొట్టి పన్నెండు ఫ్లాట్లు కడతారట."

"పన్నెండా! ఎంతమంది వస్తారు?"

"ముప్పై మందికి తక్కువుండరు. మన దీవిలో ఖాళీ ఎక్కడుంది, ఒకరి నెత్తిన ఒకరం."

"ముప్పై మంది..."

"మీ ఇంటికి ఒకరనే రాసుకుంటున్నాను. వెళ్ళొస్తానమ్మా."

"కాస్త ఆగు నాయనా. ఆ జెండా విప్పిపెట్టి వెళ్ళు. నాకందదు."