శ్రీజ చెప్పినట్టు విన్న రోజు

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రిన్సిపాల్ మురళీధర్ గారికి, వేదిక మీది పెద్దలకు, ఈ మైదానంలో నాతో పాటు ఎండకు మాడిన తోటి ఉపాధ్యాయులకు, నేరేడుచర్ల నుంచి పని మానుకొని వచ్చిన శ్రీజ తల్లి సైదమ్మకు, ముందు వరుసలో అప్పుడే ఆవలిస్తున్న నా పిల్లలకు నమస్కారం. (నవ్వులు)

ఇంతసేపూ అందరూ నా క్రమశిక్షణను పొగిడారు. వ్యాయామ ఉపాధ్యాయురాలిగా ఈ కోదాడలో పిల్లలను అదిలిస్తూనే బతికాను, నిజమే. కానీ నా ఉద్యోగంలో అన్నిటికన్నా సంతోషమైన రోజు మాత్రం నేను నోరు మూసుకొని ఒక పదో తరగతి పిల్ల మాట విన్న రోజు. ఆ ఒక్కటీ చెప్పి దిగిపోతాను.

కిందటి ఆగస్టులో సాగర్ జలాశయంలో చిన్న తెరచాప పడవల పోటీ జరిగింది. పడవకు ఇద్దరు. ఒకరు చుక్కాని పట్టాలి. ఇంకొకరు ముందరి తెరచాప తాడు లాగుతూ, పడవ ఒరిగినప్పుడల్లా అంచు మీద కూర్చొని ఒళ్లంతా నీళ్ల వైపు వెనక్కి వాల్చాలి. మొదటి మూడు పడవల్లో చుక్కాని పట్టిన వాళ్లకు శిక్షణ శిబిరంలో చోటు. శ్రీజకు శిబిరంలో చేరే వయసు దాటిపోతోంది, ఇక ఇదే ఆఖరు. పైగా సైదమ్మ, "ఈసారి గెలవకుంటే ఇగ నీళ్ల మొకం సూడొద్దు" అని బిడ్డకు చెప్పి, తనూ మాతో వ్యానెక్కింది. మిర్యాలగూడ దాటినా, హాలియా దాటినా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అవునా కాదా, సైదమ్మా? (నవ్వులు)

పొద్దున జరిగిన పందెంలో శ్రీజ, ఆమె జోడీ సోనీ రెండో స్థానంలో వచ్చారు. ఒడ్డుకు దిగుతూ సోనీ రాళ్ల మీద జారింది, చీలమండ వాచిపోయింది. ఇంకో పందెం మిగిలి ఉంది. గాలి చూస్తే గంటగంటకూ పెరుగుతోంది.

"మేడమ్, మీరు ఎక్కుండ్రి," అంది శ్రీజ.

"నేనెక్కితే మునుగుతదే."

"గాలి గట్టిగున్నది. మీ బరువే మనకు కావాలె."

(నవ్వులు) నవ్వండి, నవ్వండి. ఎండాకాలం సెలవుల్లో పిల్లలతో పాటు నేనూ పడవ నేర్చుకున్నాను గానీ పోటీలో ఎన్నడూ కూర్చోలేదు. అన్ని వయసుల వాళ్లకూ కలిపి పెట్టిన పోటీ కాబట్టి నిర్వాహకులు సరేనన్నారు.

ఆ గాలి ఒక దిక్కున నిలిస్తేగా. కొండల వైపు నుంచి కొడుతున్నదల్లా ఉన్నట్టుండి తిరిగేది. మొదటి మలుపులోనే పడవ బోర్లా పడింది. ఒడ్డు మీద సైదమ్మ కేక నీళ్లలో ఉన్న నాకు వినిపించింది. పడవ అడుగున ఉండే పలక పట్టుకొని ఇద్దరం వేలాడితే మెల్లగా లేచింది. అప్పటికి అందరికన్నా వెనకబడ్డాం.

"ఇగ ఒడ్డుకు పోదామా బిడ్డా?" అన్నాను.

"మీరు మాట్లాడకుండ్రి మేడమ్. తాడు పట్టుండ్రి."

పడవలన్నీ ఎడమకు పోతున్నాయి. శ్రీజ కుడివైపు చూస్తోంది. "గాడ నీళ్లు నల్లబడుతున్నయ్. గాలి అటునుంచే వస్తది," అని పడవను ఒంటరిగా అటు తిప్పింది. కాసేపటికి నిజంగానే గాలి అటునుంచి విరుచుకుపడింది. "వాలుండ్రి" అని అరిచింది. తల వెనుక జుట్టు నీళ్లకు తగిలేదాకా వాలాను. పడవ నీళ్లను కోసుకుంటూ ఉరికింది. ఎడమకు పోయిన వాళ్ల తెరచాపలు గాలందక రెపరెపలాడుతుంటే ఒక్కో పడవనూ దాటుకుంటూ పోయాం.

చుక్కాని పట్టింది నా దగ్గర చదువుకునే పిల్ల అన్న సంగతే మరిచిపోయాను. ఏం చెబితే అది చేశాను. అంత హాయి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

నాలుగో పడవగా గీత దాటాం. రెండు పందేలూ కలిపితే మూడో స్థానం మాది. సైదమ్మ మోకాళ్ల లోతు నీళ్లలోకి వచ్చి నా భుజం మీద ఒక్కటేసింది. "నా పిల్లను ముంచితివి గద మేడమ్" అని ఏడ్చింది. ఆ ఏడుపులోనే శ్రీజను దగ్గరికి లాక్కొని, "మల్ల ఎప్పుడు బిడ్డా పోటీ?" అని అడిగింది.

శ్రీజ ఇప్పుడు శిబిరంలో ఉంది, రాలేకపోయింది. నిన్న సోనీ మా ఇంటికొచ్చి, "నాకు జోడీ లేదు మేడమ్. మీకు ఎల్లుండిసంది బడి లేదు గద" అంది. వచ్చే పోటీకి మా ఇద్దరి పేర్లూ ఇచ్చేసిందట. నన్ను అడగనైనా లేదు. (చప్పట్లు)

ఇన్నేళ్లు నన్ను భరించిన ఈ బడికి, ఇంత ప్రేమ చూపిన మీ అందరికీ రుణపడి ఉంటాను. సోనీ రేపు పొద్దున్నే రమ్మంది, ఆలస్యమైతే ఊరుకోదు. ఇక సెలవిప్పించండి.